టొరెంట్ ఆపకుండా బ్రౌజర్‌లో పాటలు: ఎవరింటికి ఏ పద్ధతి

128 కేబీపీఎస్ పాటకు సెకనుకు 16 కిలోబైట్లు చాలు. గంటసేపు విన్నా 58 ఎంబీ దాటదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం ఊళ్లలో ఇప్పుడు ఇళ్లకు వస్తున్న 30, 50, 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్లలో ఇది లెక్కలోకే రాదు. అయినా టొరెంట్ (ఫైలును ఇతరుల కంప్యూటర్ల నుంచి ముక్కలుగా దించే పద్ధతి) నడుస్తున్నంతసేపూ పాట ఆగి ఆగి వస్తోందంటే తక్కువైంది స్పీడు కాదు. ప్లాన్ పెంచుకుంటే నెలబిల్లు పెరుగుతుంది, పాట చాలా ఇళ్లలో అట్టానే ఆగుతుంది.

టొరెంట్‌ను ఆపేయకుండా పాట వినడానికి దారులు ఐదు. డౌన్‌లోడ్‌ను రాత్రికి వాయిదా వేయడం, టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లోనే హద్దులు పెట్టడం, మ్యూటీపీ అనే సర్దుకుపోయే ప్రోటోకాల్‌కు మారడం, పాటను ఫోన్ డేటా మీదికి మార్చడం, రౌటర్‌లో క్యూను, అంటే డేటా వంతు కోసం ఆగే వరసను, అదుపు చేయడం. ఒకే కంప్యూటర్ ఉన్న ఇంటికి మా ఓటు రెండోదానికి, అందులోనూ అప్‌లోడ్ హద్దుకు. పైసా ఖర్చు లేదు, పట్టుమని పది నిమిషాల పని కాదు. మిగతావి ఎప్పుడు మేలో తెలియాలంటే ముందు పాట ఎందుకు ఆగుతుందో చూడాలి.

ఆపుతున్నది అప్‌లోడ్

టొరెంట్ దించుకోవడంతో ఊరుకోదు. వచ్చిన ముక్కను వచ్చినట్టే మరో నలుగురికి పంపుతుంది. హద్దు పెట్టకపోతే అప్‌లోడ్ దారి మొత్తాన్ని నింపేస్తుంది. పాట వినేవాళ్లు పైకి పంపేదేముంది అనిపించవచ్చు. ఉంది. సర్వర్ నుంచి వచ్చే ప్యాకెట్లకు (డేటా చిన్న ముక్కలకు), సాధారణంగా రెండింటికి ఒకటి చొప్పున, ‘అందింది’ అని చిన్న రసీదు తిరిగి వెళ్లాలి. తర్వాతి ముక్క కావాలన్న కబురూ వెళ్లాలి. ఆ రసీదు పరిమాణం 60 బైట్లకు అటూ ఇటూ. కానీ అది టొరెంట్ ప్యాకెట్ల వెనకే వరసలో నిలబడాలి. రొట్టెల పండగనాడు బారాషహీద్ దర్గా దారిలో సైకిల్ మీద వెళ్లేవాడి చేతిలో సంచి కూడా లేకపోవచ్చు, నడక మాత్రం జనం నడకే.

లెక్క చూడండి. ఇంట్లోని వైఫై బాక్సులో 256 కిలోబైట్ల క్యూ ఉంది, అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ అనుకుందాం. నిండిన క్యూ ఖాళీ కావడానికి 2 సెకన్ల పైనే పడుతుంది. అంటే ప్రతి రసీదూ 2 సెకన్లు ఆలస్యం. రసీదు అందకపోతే సర్వర్ కొత్త ప్యాకెట్లను నెమ్మదిగా వదులుతుంది, కొన్నిసార్లు పాతవాటినే మళ్లీ పంపుతుంది. డౌన్‌లోడ్ దారి సగం ఖాళీగా ఉన్నా పాట ఆకలితో ఆగేది ఇందుకే. ఇంజినీర్లు దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు.

దీనికి రెండో కారణం తోడవుతుంది. పాటకు ఒకటో రెండో కనెక్షన్లు, టొరెంట్‌కు అరవయ్యో ఎనభయ్యో. ఇరుకు దారిలో టీసీపీ (నెట్‌లో డేటా పంపే మామూలు ప్రోటోకాల్) పంపకం దాదాపు కనెక్షన్ల లెక్కన జరుగుతుంది కాబట్టి పాట వాటా ఎనభయ్యోవంతుకు పడిపోతుంది. 100 ఎంబీపీఎస్ లైనులో ఆ వాటా కూడా పాటకు చాలు. 4 ఎంబీపీఎస్ లైనులో చాలదు. నెలకోటా అయిపోయి స్పీడు తగ్గించిన రోజుల్లో పాట బొత్తిగా నిలిచిపోయేది ఇక్కడే.

మూడోది బాక్సు బలహీనత. ఇంటికి వచ్చే ప్రతి కనెక్షన్‌నూ వైఫై బాక్సు ఒక పట్టికలో రాసుకుంటుంది. చౌక బాక్సుల్లో ఆ పట్టిక చిన్నది. టొరెంట్ వందల పీర్లను (ఫైలు పంచుకునే అవతలి కంప్యూటర్లను) పలకరిస్తూ, పీర్లను వెతికే డీహెచ్‌టీ అనే పద్ధతి కోసం ఇంకొన్ని వందల చిన్న ప్యాకెట్లు వదులుతూ ఆ పట్టికను నింపేస్తుంది. లక్షణం స్పష్టంగా ఉంటుంది: మోగుతున్న పాట చివరిదాకా మోగుతుంది, తర్వాతి పాట మొదలు కాదు, కొత్త వెబ్ పేజీ తెరుచుకోదు, టొరెంట్ మాత్రం హాయిగా దిగుతూ ఉంటుంది. బాక్సు ఆపి వేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఈ లక్షణం కనిపిస్తే స్పీడు హద్దులు కాదు, కనెక్షన్ల హద్దులు కావాలి.

పద్ధతి ఎంచుకునే ముందు రెండు పింగ్‌లు

టొరెంట్ ఆపి, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ ఆదేశం 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కు ఇవ్వండి. చిన్న ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో అది చూపిస్తుంది. ఆగకుండా నడవాలంటే చివర అడ్డగీతతో టీ అక్షరం చేర్చాలి. ఇంకో కిటికీలో మీ బాక్సు చిరునామాకు, ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది, ఇట్టాగే పింగ్ పెట్టండి. ఒక నిమిషం చూసి, ఇప్పుడు టొరెంట్ పూర్తి వేగంతో వదలండి.

బాక్సు పింగ్ 1–3 మిల్లీసెకన్ల దగ్గరే ఉండి, బయటి పింగ్ 30 నుంచి 400కో 1500కో ఎగబాకితే తప్పు లైను క్యూది. కింద చెప్పే అప్‌లోడ్ హద్దు దీనికి మందు. బాక్సు పింగే 100, 200 దాటుతుంటే తప్పు ఇంట్లోని వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పక్కింటి బాక్సులన్నీ అదే గాలిని పంచుకుంటాయి, పంపడం, అందుకోవడం రెండూ వంతులవారీగా జరుగుతాయి. మాగుంట లేఅవుట్‌లోనో లాయర్‌పేటలోనో అపార్టుమెంటులో ఉండేవాళ్లు 5 గిగాహెర్ట్జ్‌కు మారితే చాలావరకు తీరుతుంది. అంతకంటే మేలు, టొరెంట్ నడిచే కంప్యూటర్‌కు ల్యాన్ వైరు. రెండు పింగ్‌లూ మామూలుగా ఉండి పాట ఆగుతోందంటే తప్పు కంప్యూటర్‌దో హెడ్‌సెట్‌దో. దాని సంగతి ఇంకాస్త కింద ఉంది.

పింగ్ గొడవ వద్దనుకుంటే బ్రౌజర్‌లో ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, పరీక్ష అయ్యాక ‘మరింత సమాచారం’ బటన్ నొక్కండి. ఖాళీ లైనులో ఆలస్యం ఎంత, నిండిన లైనులో ఎంత, అప్‌లోడ్ ఎంత అన్న మూడు అంకెలూ చూపిస్తుంది. టొరెంట్ ఆపి ఉన్నప్పుడే ఈ పరీక్ష చేసి అప్‌లోడ్ అంకెను కాగితం మీద రాసుకోండి. ప్లాన్ కాగితంలో ఉన్నది కాదు, ఇక్కడ కొలిచినదే మనకు లెక్క. ఫైబర్‌లో రెండు వైపులా ఒకే వేగం ఇవ్వడం మామూలే. మేడ మీద పెట్టే యాంటెన్నాతో వచ్చే 5జీ నెట్‌లోనూ, ఫోన్ హాట్‌స్పాట్‌లోనూ అప్‌లోడ్ చాలా తక్కువ ఉంటుంది, పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె. అట్టాంటి లైనుకు సాయంత్రం 8, 9 గంటల మధ్య కొలిచిన అంకెనే తీసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో హద్దులు

క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్ లెక్కన చెప్తున్నాం. ఉచితం, ప్రకటనలు లేవు, కావలసిన మీటలన్నీ ఉన్నాయి. ట్రాన్స్‌మిషన్‌లోనూ, డెల్యూజ్‌లోనూ ఇవే హద్దులు వేరే చోట్ల ఉంటాయి.

ముందు యూనిట్ల తిరకాసు. నెట్ ప్లాన్లు మెగాబిట్లలో, టొరెంట్ సాఫ్ట్‌వేర్ కిలోబైట్లలో మాట్లాడతాయి. 8 బిట్లు 1 బైటు. కొలిచిన ఎంబీపీఎస్ అంకెను 125తో గుణిస్తే సెకనుకు ఎన్ని కిలోబైట్లో వస్తుంది. 10 ఎంబీపీఎస్ అంటే 1250. 10 అంకెను 10,000 కిలోబైట్లుగా పొరబడి అక్కడ పెట్టేస్తే హద్దు పెట్టనట్టే లెక్క, పాట ఆగుతూనే ఉంటుంది. సున్నా పెడితే అసలు హద్దే లేదని అర్థం, అదీ గుర్తుంచుకోవాలి.

టూల్స్, ఆప్షన్స్, స్పీడ్ పేజీకి వెళ్లండి. అప్‌లోడ్ గడిలో కొలిచిన అప్‌లోడ్‌లో 75 నుంచి 80 శాతం రాయండి. 30 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఇంటికి 3000, 10 ఎంబీపీఎస్‌కు 950, 2 ఎంబీపీఎస్ ఉన్న లైనుకు 190. డౌన్‌లోడ్ గడిలో కొలిచిన డౌన్‌లోడ్‌లో 85 శాతం. డౌన్‌లోడ్‌కూ హద్దు దేనికంటే, ఆ వైపు క్యూ మన ఇంట్లో ఉండదు, నెట్ ఇచ్చేవాళ్ల దగ్గర ఉంటుంది. దాన్ని మనం ముట్టుకోలేం, నిండకుండా చూసుకోగలం అంతే. అదే పేజీలో ఉన్న ‘మ్యూటీపీకి కూడా హద్దు వర్తించు’ గడిలో టిక్ ఉండాలి. అది లేకపోతే మ్యూటీపీ వాడే పీర్లు హద్దుకు బయటే ఉంటారు. 5 ఎంబీపీఎస్ కంటే చిన్న లైను అయితే ‘ట్రాన్స్‌పోర్ట్ ఓవర్‌హెడ్‌కు హద్దు వర్తించు’ గడికి కూడా టిక్ పెట్టండి. ప్యాకెట్ల తలకట్లు కూడా అప్పుడు లెక్కలోకి వస్తాయి.

అప్‌లోడ్‌ను మరీ 5, 10 కిలోబైట్లకు బిగించి గెలిచామనుకోవద్దు. బిట్‌టొరెంట్‌ను 2001లో బ్రామ్ కోహెన్ రాసినప్పుడే ఇచ్చిపుచ్చుకోవడం దాని ధర్మంగా పెట్టాడు. మీరు ఇవ్వకపోతే అవతలి పీర్ మిమ్మల్ని పక్కన పెడుతుంది. 30 సెకన్లకోసారి కొత్తవాళ్లకు దొరికే దయతో మాత్రమే డౌన్‌లోడ్ నడుస్తుంది. సీడర్లు (ఫైలు మొత్తం ఉంచుకుని పంచేవాళ్లు) బోలెడుమంది ఉన్న లినక్స్ ఇమేజ్‌లకు (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించే ఫైళ్లకు) ఇది తెలియదు గానీ, సీడర్లు తక్కువ ఉన్న ఫైళ్లకు డౌన్‌లోడ్ పాకుతుంది.

తర్వాత కనెక్షన్ పేజీ. మొదట్లో మొత్తం 500, ఒక్కో టొరెంట్‌కు 100 కనెక్షన్లు ఉంటాయి. వీటిని 150, 40 చేయండి. బాక్సు పట్టిక నిండే లక్షణం కనిపించిన ఇంట్లో 80, 30కి దించండి. అప్పటికీ తర్వాతి పాట మొదలవకపోతే బిట్‌టొరెంట్ పేజీలో డీహెచ్‌టీ టిక్ తీసి చూడండి. ట్రాకర్ (పీర్ల జాబితా ఇచ్చే సర్వర్) ఉన్న టొరెంట్లకు దానివల్ల పెద్ద నష్టం లేదు, మాగ్నెట్ లింకులతో (టొరెంట్ ఫైలు లేకుండా లింకు ఒక్కదానితో) మొదలయ్యేవి మాత్రం పీర్లను వెతుక్కోవడానికి తిప్పలు పడతాయి. ఒకేసారి నడిచే డౌన్‌లోడ్లు 2 చాలు. పది టొరెంట్లు ఒకేసారి పెడితే ఏదీ త్వరగా పూర్తి కాదు, పట్టిక మాత్రం నిండుతుంది.

ఇప్పుడు టొరెంట్ వదిలి బయటి పింగ్ చూడండి. ఖాళీ లైనులో 30 ఉంటే నిండిన లైనులో 60, 70 లోపల ఉండాలి. ఇంకా 200 చూపిస్తుంటే అప్‌లోడ్‌ను ఇంకో 10 శాతం దించి మళ్లీ చూడండి. పింగ్ పడిపోయే చోటు ఒకటి దొరుకుతుంది. దాని కిందే ఉండిపోండి.

పాట వినేటప్పుడే హద్దులు చాలనుకునేవాళ్లకు రెండో జత హద్దులు ఉన్నాయి. స్పీడ్ పేజీలో ‘ప్రత్యామ్నాయ హద్దులు’ గడుల్లో చిన్న అంకెలు రాసిపెడితే, అడుగు పట్టీలో ఉన్న స్పీడోమీటర్ బొమ్మ ఒక్కసారి నొక్కితే అమల్లోకి వస్తాయి, మళ్లీ నొక్కితే పోతాయి. ట్రాన్స్‌మిషన్‌లో ఈ పని తాబేలు బొమ్మ చేస్తుంది. అందులో మొదట 50 కిలోబైట్లు పెట్టి ఉంటుంది, అది మరీ తక్కువ, మీ లెక్క ప్రకారం మార్చుకోండి.

మ్యూటీపీ, రాత్రి వాయిదా

మ్యూటీపీ గురించి ఒక మాట. ఇది దారిలో ఆలస్యాన్ని కొలుస్తూ, క్యూ ఆలస్యం 100 మిల్లీసెకన్ల వైపు పెరగగానే వెనక్కి తగ్గే పద్ధతి. దీని వెనక ఉన్న లెడ్‌బ్యాట్ సూత్రాన్ని 2012 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 6817 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురించారు. క్యూబిట్‌టొరెంట్ కనెక్షన్ పేజీలో ‘మ్యూటీపీ మాత్రమే’ ఎంచుకుంటే ఏ అంకెలూ కొలవకుండానే పాటకు చాలావరకు దారి దొరుకుతుంది. అప్‌లోడ్ వేగం గంటగంటకూ మారే 5జీ నెట్‌కు ఇది బాగా నప్పుతుంది, అక్కడ స్థిరమైన అంకె పెట్టినా నిలవదు కదా. లోపాలూ ఉన్నాయి. టీసీపీ మాత్రమే మాట్లాడే పీర్లు దూరమవుతారు. 100 మిల్లీసెకన్ల ఆలస్యం పాటకు ఏమీ కాదు గానీ వీడియో కాల్‌లో మాట తడబడినట్టు తెలుస్తుంది. ఫైబర్ ఇంటికి మేము దీన్ని హద్దులకు తోడుగా ఉంచమంటాం, హద్దులకు బదులుగా కాదు.

రాత్రి వాయిదా అన్నిటికంటే సులువు. స్పీడ్ పేజీలోని షెడ్యూలర్‌లో ప్రత్యామ్నాయ హద్దులు పొద్దున 6 నుంచి రాత్రి 11 వరకు అని పెడితే, పగలు చిన్న వేగం, రాత్రి పూర్తి వేగం. 30 ఎంబీపీఎస్ లైను మీద 6 జీబీ ఇమేజ్ పూర్తి వేగంతో అరగంటలోపే దిగుతుంది. అంటే వాయిదా వేసినా పెద్దగా పోయేదేమీ లేదు. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా బిహేవియర్ పేజీలో ‘డౌన్‌లోడ్ జరుగుతున్నప్పుడు నిద్రను ఆపు’ గడికి టిక్ పెట్టండి. కరెంటు పోయే ఊళ్లలో మాత్రం ఇది నమ్మకం కాదు. కంప్యూటర్ అర్ధాంతరంగా ఆగితే తిరిగి వేసినప్పుడు టొరెంట్ దిగిన ముక్కలన్నీ మళ్లీ సరిచూసుకోవచ్చు. పాత హార్డ్‌డిస్క్ మీద ఆ సరిచూపు జరుగుతున్నప్పుడు పాటే కాదు, మౌస్ కూడా ఆగుతుంది. కాసేపు ఓపిక పట్టాలి.

పాట ఫోన్ డేటా మీద

రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోన్ ప్లానులో 128 కేబీపీఎస్ పాట 26 గంటలు వినవచ్చు. రోజంతా విన్నా కోటా మిగులుతుంది. ఫోన్‌ను వైఫై నుంచి తప్పించి, దానిలో పాట పెట్టి, ఇంటి లైనును టొరెంట్‌కు వదిలేయడం ఏ సెట్టింగూ ముట్టుకోనివాళ్లకు సరైన దారి. కంప్యూటర్ స్పీకర్లలోనే వినాలంటే ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్పీకర్‌కు 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ వైరు చాలు. పాట పేరుతో వీడియో చూస్తే మాత్రం లెక్క తప్పుతుంది. 1080పీ వీడియో పాట 3 నుంచి 5 ఎంబీపీఎస్ తీసుకుంటుంది, గంటకే ఆ రోజు కోటా అయిపోవచ్చు. యూట్యూబ్‌లో వినడమే పని అయితే నాణ్యత 144పీకి దించండి, ఇంటి లైను మీదైనా సరే.

తలకిందుల పని చేసేవాళ్లూ ఉన్నారు. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర షెడ్డులోనో, చీమకుర్తి క్వారీ ఆఫీసులోనో ఫైబర్ లేక, ఫోన్ హాట్‌స్పాట్ మీదే టొరెంటూ పాటా రెండూ నడపాలనుకుంటారు. ఇది వద్దు. టొరెంట్ అప్‌లోడ్ కూడా కోటాలోంచే పోతుంది. కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో మిగిలేది 64 కేబీపీఎస్, సెకనుకు 8 కిలోబైట్లు. 128 కేబీపీఎస్ పాటకు అందులో సగమే దొరుకుతుంది. అక్కడ ఉండేవాళ్లు పాటలను ముందే యాప్‌లో దించి ఉంచుకోవాలి, టొరెంట్‌ను ఊళ్లో ఫైబర్ ఉన్న చోటికి వాయిదా వేయాలి.

రౌటర్‌లో క్యూను అదుపు చేయడం

హాస్టల్, అద్దె గదులు, ముగ్గురు పిల్లలు మూడు ల్యాప్‌టాప్‌లు ఉన్న ఇల్లు, ఇట్టాంటి చోట్ల మీ కంప్యూటర్‌లో పెట్టిన హద్దు పక్క గదివాళ్ల టొరెంట్‌ను ఆపదు. అప్పుడు డబ్బు పెట్టాల్సింది ప్లానుకు కాదు, రౌటర్‌కు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రౌటర్ ఒకటి తెచ్చి, నెట్ కంపెనీ బాక్సుకు ల్యాన్ వైరుతో కలిపి, దానిలో క్యూను అదుపు చేసే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, క్యూ పద్ధతిగా కేక్ ఎంచుకోవాలి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ గడుల్లో కొలిచిన వేగంలో 90 శాతం. ఇక్కడ యూనిట్ కిలోబిట్లు: 27 ఎంబీపీఎస్ అయితే 27000. కేక్ ప్రతి ప్రవాహానికీ వేరే వరస పెట్టి వంతులవారీగా వదులుతుంది, మొదటి పంపకం కంప్యూటర్ల మధ్యే చేయగలదు కూడా. టొరెంట్‌కు ఎనభై కనెక్షన్లున్నా పాట ప్యాకెట్ వాటి వెనక నిలబడదు. ఇందులో ఒక విశేషం: క్యూ ఇంత చిన్నదైతే మ్యూటీపీకి ఆలస్యం కనిపించదు, అది కూడా మామూలు టీసీపీలాగే తోసుకుపోతుంది. వాటాలు కేక్ వేస్తుంది కాబట్టి పాటకు నష్టం లేదు.

ఇక్కడ మోసపోయే చోటొకటి ఉంది. మామూలు రౌటర్ల అట్ట మీద క్యూఓఎస్ (ట్రాఫిక్‌కు ప్రాధాన్యం ఇచ్చే సదుపాయం) అని రాసి ఉంటుంది. వాటిలో చాలావరకు ‘ఫలానా పరికరానికి ప్రాధాన్యం’ అన్న మీట మాత్రమే ఉంటుంది. టొరెంటూ బ్రౌజరూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నప్పుడు ఆ ప్రాధాన్యం రెండింటికీ సమానంగా వస్తుంది, పాట స్థితి మారదు. కొనే ముందు ఆ మోడల్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెబ్‌సైటులోని పరికరాల పట్టికలో ఉందో లేదో చూసుకోండి, హార్డ్‌వేర్ వెర్షన్ అంకెతో సహా. ఒకే మోడల్‌లో వెర్షన్ 2 పనిచేసి వెర్షన్ 4 పనిచేయకపోవడం ఉంది. ఇంకొకటి, ఎస్‌క్యూఎం పని రౌటర్ ప్రాసెసర్ మీద పడుతుంది. పాత చిన్న ప్రాసెసర్‌తో 100 ఎంబీపీఎస్ లైను 50, 60కే ఆగిపోవచ్చు.

ఏ పాట సర్వీసు ఎంచుకుంటారన్నదీ తేడా చేస్తుంది. స్పాటిఫై వెబ్ ప్లేయర్ ఉచిత ఖాతాకు 128, ప్రీమియానికి 256 కేబీపీఎస్ ఇస్తుంది. ఇట్టా అడిగినప్పుడు పాట పంపే సర్వీసులు ముందు భాగాన్ని దండిగా దించి పెట్టుకుంటాయి, నెట్ కొన్ని సెకన్లు తడబడినా తెలియదు. ఆకాశవాణి ప్రత్యక్ష ప్రసారాల్లాంటి రేడియోలో రాబోయేది ముందే దించుకోవడానికి ఉండదు. చేతిలో కొన్ని సెకన్ల నిల్వే. అందుకే టొరెంట్ దెబ్బ ముందు రేడియోకు తగులుతుంది. రేడియో వినే ఇల్లు అప్‌లోడ్ హద్దును 80 కాకుండా 65, 70 శాతంలో పెట్టుకోవాలి.

నెట్ తప్పు కాని తప్పులు

బ్లూటూత్ హెడ్‌సెట్ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ ఎక్కువగా ఒకే చిప్‌లో ఉంటాయి. టొరెంట్ 2.4 వైఫై మీద జోరుగా దిగుతుంటే బ్లూటూత్‌కు వంతు దొరక్క పాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. బ్రౌజర్‌లో చూస్తే బఫరింగ్ గుండ్రం కనపడదు, పాట గీత ముందుకు సాగుతూనే ఉంటుంది. ఇదే గుర్తు. వైరు ఇయర్‌ఫోన్ పెట్టి చూడండి, బాగుంటే వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

డిస్క్ ఇంకొకటి. టొరెంట్ ముక్కలు వరసలో రావు, డిస్క్ మీద అక్కడొకటి ఇక్కడొకటి రాయాలి. తిరిగే హార్డ్‌డిస్క్‌కు అది కష్టమైన పని. విండోస్, బ్రౌజర్ క్యాష్ కూడా దాని మీదే ఉంటే పాట తడబడుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి ఉంటే ఇదే. డౌన్‌లోడ్స్ పేజీలో ‘ఫైళ్లన్నిటికీ ముందే చోటు కేటాయించు’ టిక్ పెట్టండి. కుదిరితే విండోస్‌ను ఎస్‌ఎస్‌డీకి మార్చండి. బ్రౌజర్ వెనక్కి పోతే నిద్రపుచ్చుతుందేమో అన్న భయం అక్కర్లేదు, మోగుతున్న ట్యాబ్‌ను క్రోమ్ నిద్రపుచ్చదు.

టొరెంట్ మూసేసినా అప్‌లోడ్ ఆగడం లేదా? విండోస్ కూడా తన అప్‌డేట్ ముక్కలను పీర్ టు పీర్ పద్ధతిలో ఇతర కంప్యూటర్లకు పంపగలదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, దాని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ తెరిచి, ‘ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లు’ ఎంపిక ఉంటే తీసేయండి.

అయితే టొరెంట్ మూసేశామనుకోవడమే ఎక్కువసార్లు జరిగేది. కిటికీ మూలన ఇంటూ గుర్తు నొక్కితే క్యూబిట్‌టొరెంట్ గడియారం పక్కకు చేరి నడుస్తూనే ఉండవచ్చు. డౌన్‌లోడ్ 100 శాతం అయ్యాక సీడింగ్ మొదలవుతుంది, అది మొత్తం అప్‌లోడే. పాటకు అడ్డుపడేది కూడా అదే. బిట్‌టొరెంట్ పేజీలో సీడింగ్ హద్దుల దగ్గర రేషియో (దించినదానికి పంచినది ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1 లేదా 2 చేరగానే ఆపు అని పెడితే, తీసుకున్నంత తిరిగి ఇచ్చి గౌరవంగా ఆగుతుంది. మీరు సీడ్ చేసేది పంచుకోవడానికి అనుమతి ఉన్న ఫైలే అయి ఉండాలి. కొత్త సినిమా టొరెంట్ పెట్టినవాళ్లు చూడ్డమే కాదు, పంచినవాళ్లూ అవుతారు. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి.

ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ ఇమేజ్‌లకు రేషియో హద్దు పెట్టి ఆపేయండి, వాటికి ప్రపంచమంతా సీడర్లున్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం నుంచి దించుకున్న, కాపీరైట్ గడువు తీరిన పాత తెలుగు పుస్తకాల టొరెంట్లకు మాత్రం ఆ హద్దు పెట్టొద్దు. వాటిలో చాలావాటికి ఆర్కైవ్ సొంత సర్వరే సీడ్. 2024 అక్టోబరులో ఆ సైటు దాడికి గురై కొన్ని రోజులు మూతపడినప్పుడు ఆ సీడ్ కూడా అందుబాటులో లేకుండా పోయింది. ఆ టొరెంట్ మీద కుడి క్లిక్ చేసి, అప్‌లోడ్ హద్దు 30 కిలోబైట్లు పెట్టి, సీడింగ్ హద్దు లేదని ఎంచి వదిలేయండి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైనులో 30 కిలోబైట్లు రెండున్నర శాతం లోపే, పాటకు తెలియను కూడా తెలియదు.